అక్క విన్నంతవరకు

మా అక్క పోయి ఏడాది దాటింది. మా బంధువుల్లో ఆమె గురించి ఇప్పటికీ ఒక మాట నడుస్తూ ఉంది. తమ్ముడు రోజూ పక్కన కూర్చుని కథ వినిపిస్తే, చివరి దాకా విని, నవ్వుకుంటూ పోయిందట. పలమనేరులో ఒక పెళ్ళికి వెళితే, నాకు ముఖపరిచయం కూడా లేని ఒక పెద్దావిడ నా చేతులు పట్టుకుని, "నీలాంటి తమ్ముడు యాడుంటాడు నాయనా ఈ కాలంలో" అంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు. పంక్తిలో కూర్చుని భోజనం కూడా చేసి వచ్చాను.

ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నేనే. అక్క ఆ కథ చివరి దాకా వినలేదు. ఎక్కడ ఆపవద్దని బతిమాలిందో అక్కడే కథ ఆగిపోయింది. ఆపింది నేను.

అక్క ఇల్లు చిత్తూరులో మా వీధికి వెనక వీధి. బావ పోయాక జాకెట్లు కుట్టి కూతుర్ని చదివించింది. ఆ కూతురు రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తూ తిరుపతిలో హాస్టల్లో ఉంటుంది. ఆదివారాలు వచ్చి పోతుంది. కుట్టుమిషన్ తర్వాత అక్కకు ఇష్టమైనది చదవడం. వారపత్రికల సీరియళ్ళు, అద్దె పుస్తకాలు, శెనక్కాయలు పొట్లం కట్టిచ్చిన కాగితం, ఏదీ వదిలేది కాదు. చక్కెర జబ్బు కళ్ళలోకి దిగాక, తిరుపతిలో ఎంత వైద్యం చేయించినా వెలుతురూ నీడా తప్ప ఏమీ మిగలలేదు. మిషన్ మీద గుడ్డ కప్పేసింది. పుస్తకాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అప్పుడప్పుడు ఒకటి తీసి ఒడిలో పెట్టుకుని, ఊరికే పేజీలు తిప్పుతూ కూర్చునేది.

మేనకోడలు అది చూసి తట్టుకోలేకపోయింది. పుస్తకాలు చదివి వినిపించే యాప్ ఒకటి నా ఫోన్లో వేసింది. అక్కది బటన్ల ఫోన్. నున్నటి ఫోన్ ఆమె చేతికి చిక్కేది కాదు.

"మామా, సాయంత్రం పని నుంచి వచ్చేటప్పుడు ఒక గంట అమ్మ కాడ కూర్చో. నువ్వేం చదివే పన్లేదు. నొక్కితే అదే చదువుతాది" అంది.

నేను మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో ఆఫీసు పని చేస్తాను. కాయల కాలం కాకపోతే దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉంటాను. సరే అన్నాను.

పిల్ల ఎంచింది పురాణాల పోలికలో రాసిన ఒక కొత్త నవల. ఏ పురాణంలోనూ లేని కథే, కానీ నాగలోకమూ శాపాలూ మాట్లాడే ఏనుగులూ అన్నీ ఉన్నాయి. నాగరాజు ఒక నదిని పాతాళానికి లాక్కుపోతాడు. ఎండిపోయిన ఏటి ఒడ్డున పడవ నడిపే పిల్ల ఒకతి, ఆ నీళ్ళు వెనక్కి తేవడానికి ఏడు ద్వారాలు దాటి కిందికి దిగుతుంది. తోడుగా తమ్ముణ్ణి తీసుకుపోతుంది. ఒకే ఆడమనిషి గొంతు మార్చి మార్చి అందరి మాటలూ చదివేది. ఏనుగు మాట్లాడేటప్పుడు మాత్రం ఆమెకు దగ్గు వస్తుందేమో అనిపించేది.

అక్క ఊరికే వినే మనిషి కాదు. "కొంచెం నీళ్ళు తాగి చదువు తల్లీ, గొంతు ఆరిపోతా ఉండాది" అని ఫోనుకు చెప్పేది. తొందరగా అయిపోతుందని నేను ఒకరోజు వేగం పెంచి పెట్టాను. రెండు మాటలు వినగానే పట్టేసింది.

"యాలరా, ఈయమ్మను ఎవురన్నా తరుముతా ఉండారా?"

"తరమడం లేదక్కా. తొందరగా చదువుతా ఉంది."

"తొందరగా చదివి యాడికి పోవాలంట? నిదానంగా చదవమను."

కథలోని తమ్ముడంటే ఆమెకు ప్రాణం. వాడు తిండిపోతు, భయస్తుడు. రాక్షసుడి కోటలో దాక్కున్నప్పుడు కూడా తినడానికి ఏమైనా ఉందా అని చూస్తాడు.

"అచ్చం నువ్వే. పాతాళానికి పోతా కూడా సద్దిమూట వెతుక్కుంటా ఉండాడు, సోంబేరి."

"నేనైతే పోనే పోను."

"పోవులే. నన్ను దింపేసి నువ్వు గట్టున పడుకుంటావు" అని తనే నవ్వేది.

ఆ నవ్వు కోసమే మొదట్లో వెళ్ళేవాణ్ణి. అది కూడా చెప్పాలి. మొదటి నెల నాకూ బాగానే ఉండేది. తర్వాత అది సాయంత్రం చేయాల్సిన పనుల్లో ఒకటైపోయింది.

అక్కకు కథ వినడంలో ఒక నియమం ఉండేది. మా నాయన ఊళ్ళో వేసవి తిరునాళ్ళకు పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఆడేవాళ్ళు. యుద్ధంలో ఎవరైనా పడిపోయే ఘట్టం వస్తే, ఎంత పొద్దుపోయినా హరిదాసు అక్కడ చిరతలు కింద పెట్టేవాడు కాదు. ఒక బిడ్డ పుట్టేదాకానో, ఒక పెళ్ళి జరిగేదాకానో, కనీసం కథలో ఎవరో ఒకరు ఇంట్లో దీపం పెట్టేదాకానో చెప్పి, అప్పుడు కర్పూర హారతి ఇచ్చేవాడు. చావు దగ్గర నిలిచిపోయిన కథ, విన్నవాళ్ళ వెంట ఇంటికి వస్తుందని అక్కడి నమ్మకం. వాన వచ్చి మధ్యలో చెదిరిపోతే, మరునాడు అదే మనిషి అదే చోట నిలబడి అక్కడినుంచే ఎత్తుకోవాలి. నేను చిన్నప్పుడు ఆ హరికథల్లో అక్క ఒడిలో నిద్రపోయేవాణ్ణి. హారతి సమయానికి నన్ను లేపి, నా కళ్ళకు తనే అద్దేది. నిద్ర చెడగొట్టిందని ఏడ్చేవాణ్ణట.

ఆ నియమం ఫోను కథకు కూడా పెట్టింది. అధ్యాయం చావుతో ముగిస్తే తర్వాతిది కొంచెం వినాల్సిందే. రాక్షసుడు చచ్చినా సరే.

"వాడు చెడ్డోడు కదక్కా. చస్తే మంచిదే కదా."

"వాడికీ ఇంట్లో ఎవురో ఒకరు ఉంటారులే. ఇంకొంచెం పెట్టు."

ఇక ఆ సాయంత్రం సంగతి. కాయల కాలం మొదలైంది. ఫ్యాక్టరీ ముందు తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడి ఉన్నాయి. రైతులతో, డ్రైవర్లతో పొద్దంతా అరిచి అరిచి వచ్చాను. అయినా అలసట వల్ల ఆపానని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. ఆ సాయంత్రం టీవీలో క్రికెట్ మ్యాచ్ ఉంది. కథ వింటున్నంత సేపూ నేను గోడ గడియారమే చూస్తున్నాను.

కథలో అక్కాతమ్ముళ్ళు ఏడో ద్వారం దగ్గరికి వచ్చారు. ఆ తలుపు ఎవరో ఒకరు భుజంతో ఆపి పట్టుకుంటేనే రెండోవాళ్ళు లోపలికి పోయి నీళ్ళు తేగలరు. పట్టుకున్నవాళ్ళు కాళ్ళ నుంచి పైకి రాయైపోతారు. భయస్తుడైన ఆ తమ్ముడు, "నువ్వు పో అక్కా, నేనెట్లాగూ సోమరిని, నిలబడ్డమే కదా" అని తలుపుకు భుజం ఆనిస్తాడు. ఆమె వెనక్కి వచ్చేసరికి భుజం దాకా, ఆ తర్వాత కళ్ళ దాకా రాయైపోతాడు. అధ్యాయం అయిపోయింది.

అక్క పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. నేను ఫోన్ ఆపి లేచాను.

"ఈడ ఆపద్దురా. తమ్ముడు పోయిన కాడ."

"ఫోన్లో చార్జింగ్ అయిపోయిందక్కా." చార్జింగ్ సగం పైన ఉంది.

"ఈడ పెట్టుకో, పాప తెచ్చిన వైరు ఉండాది కదా గూట్లో."

"ఆ వైరు దీనికి పట్టదు."

"పోయిన వారం పట్టిందే?"

"అది వేరే ఫోనక్కా." నాకు వేరే ఫోన్ లేదు.

ఆమె నా గొంతు వైపు తల తిప్పింది. తర్వాత, "అయితే నోటితోనన్నా చెప్పరా. తర్వాత ఏమైందో" అంది.

"నాకేం తెలుసు? నేను మాత్రం విన్నానా?"

"ఏదో ఒకటి చెప్పు. ఎవురో దీపం పెట్టినారని అన్నా చెప్పు. ఒక్క మాట చెప్పి పో."

"చిన్నపిల్లవా అక్కా? పిచ్చి మాటలు మాట్లాడొద్దు" అని చెప్పులేసుకున్నాను.

ఒక్క మాట. దీపం పెట్టారు అని రెండు పదాలు. నాకు అది చాదస్తంగా కనిపించింది, నేను లొంగిపోవాల్సిన విషయంగా కనిపించింది. గేటు వేస్తుంటే లోపలినుంచి, "బండి నిదానంగా తోలు" అని వినిపించింది. వెనక వీధి నుంచి మా ఇంటికి పోవడానికి నిదానమేంటి అనుకున్నాను.

తర్వాత నేను వెళ్ళలేదు. కోపమేం కాదు. ట్రాక్టర్లు, చీకటి పడ్డాక ఇంటికి రావడం, రేపు పోదాంలే అనుకోవడం. ఆ రోజుల్లో అక్క పొద్దున్నే ఫోన్ చేసేది.

"బాగుండావా?"

"బాగుండా."

"బండి నిదానంగా తోలు. లారీలు ఎక్కువ."

"సరే, పనిలో ఉండా, పెట్టేయ్."

కథ గురించి ఒక్కసారి కూడా అడగలేదు. రమ్మని కూడా అనలేదు. ఒకరోజు మాత్రం, "నీకు భుజాలేమన్నా నొప్పిగా ఉండాయా?" అని అడిగింది. అక్కకు ముసలితనం వస్తూ ఉంది, అందరిలోనూ నొప్పులే కనిపిస్తున్నాయి అనుకుని, "ఏం లేదు పెట్టేయ్" అన్నాను. ఆమె నాతో మాట్లాడిన చివరి మాటలు అవే.

మర్నాడు పాలు పోసే ఆమె ఎంత పిలిచినా అక్క తలుపు తీయలేదని నాకు కబురు చేసింది. పోయి చూస్తే కుట్టుమిషన్ పక్కన పడిపోయి ఉంది. ఊపిరి ఉంది, స్పృహ లేదు. చిత్తూరు ఆసుపత్రిలో మెదడులో రక్తం గడ్డకట్టిందన్నారు, తిరుపతి తీసుకుపొమ్మన్నారు. అంబులెన్సులో నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఫోన్ జేబులోనే ఉంది. తీసి ఆమె చెవి దగ్గర పెట్టి నొక్కాలన్న ఆలోచన నాకు రాలేదు. తర్వాత ఎన్ని సార్లు వచ్చిందో. ఆసుపత్రిలో లోపలికి తీసుకుపోయాక మమ్మల్ని అద్దం దాటి పోనివ్వలేదు.

మేనకోడలు రేణిగుంట నుంచి పని బట్టల్లోనే వచ్చింది. మెడలో కంపెనీ కార్డు అట్లాగే వేలాడుతూ ఉంది. వరండాలో బల్ల మీద నా పక్కన కూర్చుంది.

"మామా, ఈ వారమంతా అమ్మ నాతో ఒకటే గోల" అంది. "కథలో తమ్ముడు పోయిన కాడ ఆపేసి వెళ్ళిపోయినాడు మీ మామ అని. ఎవురి చావు కాడ కథ నిలబడితే వాళ్ళ మాదిరోళ్ళకి మంచిది కాదంట. నాకు నవ్వొచ్చింది మామా. మామకేం కాదులేమ్మా అన్నా. 'నీకు తెల్దు, వాడి భుజం ఎట్లుండాదో ఏమో' అనింది."

నేను అద్దం వైపు చూస్తూ కూర్చున్నాను.

"రోజూ నీకు ఫోన్ చేసి నీ గొంతు విన్నాకనే కాఫీ తాగేదంట. మామని రమ్మని చెప్పమ్మా, మిగతాది వినిపిస్తాడు అన్నా. 'కాయల కాలం, వాడికి పనుంటాది, నేను పిలిస్తే ఉరుకులు పెట్టి బండెక్కుతాడు, వద్దు' అనింది." పిల్ల ముక్కు తుడుచుకుంది. "తర్వాత పోయినావు కదా మామా? వినిపించినావు కదా?"

"ఆఁ" అన్నాను. "మొన్న పోయినా. వినిపించినా."

"తమ్ముడు లేస్తాడా?"

"లేస్తాడు. రాయి కరిగిపోయి లేచి వస్తాడు."

"అమ్మ ఏమనింది?"

"నవ్వింది. చివరి దాకా విని నవ్వింది."

ఆ తర్వాతి కథ నేను ఒక్క మాట కూడా విని ఉండలేదు. పిల్ల నా భుజానికి తల ఆనించి ఏడ్చింది. అక్క మర్నాడు పోయింది.

దినాల నాడు వచ్చినవాళ్ళందరికీ పిల్లే చెప్పింది. మా అమ్మ దిగులుతో పోలేదు, మామ వచ్చి కథంతా వినిపిస్తే విని పోయింది అని. అది ఆమెకు ఊరట. నా అబద్ధంలో ఆమె తలదాచుకుంటే ఇప్పుడు దాన్ని పీకడం ఎందుకు అని నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా పూర్తి నిజం కాదు. బంధువులు నన్ను మెచ్చుకుంటుంటే, ఆ కాసేపు నేను నిజంగానే వెళ్ళి వినిపించినట్టు ఉండేది. యాప్ ఫోన్లోంచి తీసేశాను.

సంవత్సరీకం అయిన కొన్ని వారాలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం మేనకోడలు మా ఇంటికి వచ్చింది. నా భార్య ఇచ్చిన కాఫీ ముట్టలేదు. "మామా, అమ్మ ఇంటి కాడికి పోదాం రా" అని తాళం చెవి చూపించింది.

ఆ ఇల్లు అట్లాగే ఉంది. మిషన్ మీద గుడ్డ, గూట్లో వైరు. పిల్ల కిటికీ తెరిచి, నన్ను కూర్చోమనకుండానే అంది.

"కంపెనీ బస్సులో పోతా వస్తా ఆ కథ విన్నా. మొదటి నుంచి. అమ్మ విన్న కథ కదా అని. నిన్న అయిపోయింది."

నాకు అప్పుడే అర్థమైంది. అయినా ఏమీ తెలియనట్టు నిలబడ్డాను.

"తమ్ముడు లేవడు మామా. చివరి దాకా లేవడు. ఆ తలుపు కాడనే రాయిగా ఉండిపోతాడు. నువ్వు లేచి వస్తాడంటివే. అమ్మ నవ్వింది అంటివే. దేనికి నవ్వింది?"

చెప్పాను. మ్యాచ్ సంగతి, చార్జింగ్ సంగతి, వైరు సంగతి. ఆమె గూట్లోని వైరు వైపు ఒకసారి చూసింది.

"నోటితోనన్నా చెప్పమని అడిగిందా?"

"అడిగింది. దీపం పెట్టినారని అన్నా చెప్పమనింది."

"చెప్పలేదా?"

"లేదు."

"అయితే అమ్మ ఆడనే ఉండిపోయిందా మామా?"

పిల్ల నేల మీద కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. నేను దగ్గరికి వెళ్ళబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"పిన్నమ్మోళ్ళకి, పెద్దమ్మోళ్ళకి అందరికీ నేనే చెప్పినా. నా నోటితో. ఇప్పుడు ఒక్కొక్కరి ఇంటికి పోయి మా మామ అబద్ధం చెప్పినాడని నేను చెప్పలేను. నువ్వే చెప్పుకో."

"చెప్తాను."

"నోటితో చెప్తే మళ్ళా ఇంకోటి కలుపుతావు. రాసిపెట్టు."

అందుకే ఇది రాస్తున్నాను.

ఆ రోజు పిల్ల తల ఎత్తి, "ఫోన్ తియ్" అంది. "నీ ఫోన్లోనే పెట్టు. నువ్వే నొక్కాల. యాడ ఆపినావో ఆడి నుంచి."

యాప్ మళ్ళీ వేశాను. నేను మరిచిపోవాలనుకున్న చోటును అది మరిచిపోలేదు. ఏడో ద్వారం తర్వాతి అధ్యాయం, మొదటి మాట దగ్గర ఆగి ఉంది. అక్క కూర్చునే పీటను పిల్ల ఎప్పటిలాగే మిషన్ పక్కన వేసింది. నేను నా చోట కూర్చుని నొక్కాను. వేగం సరిచూసుకుని, నిదానంగానే పెట్టాను.

అదే ఆడమనిషి గొంతు. పడవ నడిపే పిల్ల నీళ్ళతో పైకి వస్తుంది. ఏట్లో నీళ్ళు పారతాయి. మొదటిసారి పడవ కట్టు విప్పినప్పుడు, నొప్పులు పడుతున్న ఒక గర్భిణిని అవతలి ఒడ్డుకు తీసుకుపోవాల్సి వస్తుంది. నది నడుమ బిడ్డ పుడుతుంది. ఆ తల్లి, ఒక పేరు చెప్పమ్మా అని అడిగితే, పడవ పిల్ల తన తమ్ముడి పేరు చెబుతుంది.

అక్కడికి రావడానికి కాఫీ కాచుకుని తాగేంత సేపు పట్టింది. ఆనాడు కూర్చుని ఉంటే మ్యాచ్‌లో నాకు ఒకటి రెండు ఓవర్లు పోయేవి.

నా వేలు ఫోన్ మీదికి పోయింది. బిడ్డ పుట్టింది కదా, ఇక్కడ ఆపవచ్చు అనుకున్నాను.

"ఇంకొంచెం పెట్టు" అంది పిల్ల.

విన్నాం. కిటికీలో ఎండ తగ్గిపోయేదాకా విన్నాం. నిజంగానే ఆ తమ్ముడు లేవలేదు. ఎవరూ అతణ్ణి లేపే ప్రయత్నం కూడా చేయలేదు. నది మాత్రం పారుతూనే ఉంది. నవల అయిపోయాక పిల్ల లేచి, అక్క ఫోటో దగ్గర కర్పూరం వెలిగించింది. హారతి నా వైపు పట్టలేదు, తనూ కళ్ళకద్దుకోలేదు. పళ్ళెం మిషన్ మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడింది. ఆరిపోయేదాకా ఇద్దరం చూస్తూ ఉన్నాం.

తిరుపతి బస్సు ఎక్కించడానికి బండి మీద తీసుకుపోయాను. పిల్ల బస్టాండులో దిగి, సంచి భుజానికి వేసుకుని నాలుగడుగులు వేసింది. తర్వాత ఆగి, నా వైపు పూర్తిగా తిరగకుండానే, "బండి నిదానంగా తోలు మామా, చీకటి పడతా ఉండాది" అంది.

"సరే పాపా" అన్నాను. ఇంకేమైనా అంటుందేమోనని నిలబడ్డాను. బస్సు కదిలింది.